నల్లరేగడి సీమలో సామూహిక నమాజు – ఊరి మేలు

కోవిల్పట్టికిని విరుదునగరమునకును నడుమ పరచుకొనియున్న నేలను తమిళులు ‘కరిసల్’ అందురు. అది మన నల్లరేగడియే. వైప్పారు వంటి యేరులున్నను వానకాలమున తప్ప వానిలో నీరు కనబడదు. ఏడాదికి కురియు వాన 700 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల మాత్రమే. అందులో పెద్దపాలు ఈశాన్యపు గాలి తెచ్చునది. ప్రత్తి, సజ్జ, జొన్న, మినుము, మిరప – ఇవి యీ నేలకు తగిన పంటలు. ఇట్టి మెట్టసేద్యమును పరిశీలించుటకే 1901లో కోవిల్పట్టిలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రము నెలకొల్పబడినది. ఇచట నాలుగైదు వందల యేండ్లుగా తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళమువారు, పడమటనున్న రాజపాళయమున రాజులు – వీరందరికిని ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము.

ఈ యిండ్లలో ముసలివారు పిల్లలకు చెప్పు కథ యొకటి కలదు. ఉత్తరమున ఒకానొక తురక రాజు తమ యింటి కన్నెను కోరినాడు. మానము కాపాడుకొనుటకై పెద్దలు రాత్రికి రాత్రి మూటలు కట్టుకొని దక్షిణమునకు పరుగుతీసిరి. ఏరు అడ్డమైనప్పుడు ఒడ్డున నున్న చెట్లు వంగి వంతెనయై వారిని దాటించినవి. రాజకంబళమువారు చెప్పు కథలో ఆ చెట్టు కానుగ. కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున పుట్టి, తమిళ సాహిత్యమున పేరెన్నికగన్న కి. రాజనారాయణన్ ఈ వలస కథనే పునాదిగా గొని ‘గోపల్ల గ్రామం’ అను నవలను 1976లో వెలువరించెను. ఆ నవల వలన ఇంటింటి కథ అచ్చెక్కి, సీమ యంతటికిని చరిత్ర వంటిదైనది.

ఇక రెండవ సంగతి. ఈ సీమలోనే, దక్షిణ తమిళనాటి తక్కిన ఊళ్ళలో వలెనే, సాయంసంధ్యవేళ మసీదు వాకిట నిలిచి చూచినవారికి ఒక దృశ్యము కనబడును. మగ్రిబ్ నమాజు ముగించుకొని లోపలివారు వెలుపలికి వచ్చు సమయమునకు, గుమ్మము ప్రక్కన తల్లులు బారులు తీరి యుందురు. చంకలో పసిబిడ్డ, చేతిలో చెంబెడు నీళ్లు. దడుపు జ్వరమో, నిద్రలో ఏడుపో, పాలు పట్టకపోవుటయో – ఏదో యొకటి. బయటికి వచ్చిన హజరతు బిడ్డ నెత్తిపై చేయియుంచి ఓతి ఊదును. తమిళమున ఓతుట, కన్నడమున ఓదుట అనగా చదువుటయే. ఆ తల్లులలో పెక్కురు ముసల్మానులు కారు. వలస కథ విని పెరిగిన తెలుగింటి ఆడబిడ్డలును వారిలో నుందురు.

తురకకు వెరచి పారివచ్చితిమని చెప్పుకొనువారు తమ పసిబిడ్డను తెచ్చి మసీదు వాకిట నెట్లు నిలిపిరి? ఈ సీమ చరిత్రను పరిశీలించువారికి ఇది దాటిపోరాని ప్రశ్న. సామూహిక ప్రార్థన అనునది ప్రార్థించువారికి శాంతి నిచ్చునని చెప్పుట సులభము. ప్రార్థనకు వెలుపల నిలిచినవారికి, అనగా ఊరికి, దానివలన ఏమి కలిగినదని అడుగుటయే కష్టము. అడుగవలసినదియు అదియే.

ముందుగా భయము సంగతి. అది ఉత్త కల్పన కాదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లోబడినది. ఆ తరువాతి పుష్కరములోనే మధురలో ప్రత్యేక సుల్తానుల యేలుబడి ఏర్పడి, సుమారు నలువదేండ్లు సాగినది. ఆ సుల్తానులలో నొకడైన గియాసుద్దీను జరిపిన దారుణములను వ్రాసిపెట్టినవాడు శత్రువు కాడు. అతనికి తోడల్లుని వరుసవాడు, స్వయముగా ముసల్మాను, దేశదేశములు తిరిగిన ఇబ్న్ బతూతా. ఇంకొక వైపున విజయనగర రాకుమారుడు కంపరాయల దండయాత్రను ఆయన దేవి గంగాదేవి ‘మధురావిజయము’ అను సంస్కృత కావ్యముగా రచించెను. కావున వలస కథలోని తురక రాజు ఎవరని వెదకి పేరు పెట్టజాలకున్నను, ఆ కథలోని భీతికి ఒక కాలము కలదు. దానిని కాదనుట చరిత్రకు న్యాయము కాదు.

ఐతే ఆ కాలము గడచిన పిదప ఏమి జరిగినదో అదియు చరిత్రయే. కథ చెప్పువారు అచటికి రాకమునుపే ఆగిపోవుదురు. మధురలో గోరిపాళయము దర్గాయందు ఒక తమిళ శాసనము కలదు. పాండ్యుల కాలమున ముసల్మానుల పళ్లికి ఇచ్చిన గ్రామముల విషయమై తగవు రాగా, ఆ దానము చెల్లునని 1573లో వీరప్ప నాయకుడు నిర్ణయించినట్లు అది చెప్పుచున్నది. వీరప్ప నాయకుడు విశ్వనాథ నాయకుని మనుమడు, తెలుగు ప్రభువు. డెబ్బదిరెండు పాళెములుగా విభజింపబడిన ఆ రాజ్యముననే ఎట్టయపురము మొదలైన మన సీమ సంస్థానములు కొలువు చేసినవి. ఇక రాణి మంగమ్మ. 1689 నుండి 1706 వరకు మనుమని పక్షమున రాజ్యమేలిన ఈ తెలుగు రాణి తిరుచిరాపల్లిలోని నత్తరు వలీ దర్గా పోషణకు 1701 ప్రాంతమున భూదానము చేసినది. ఆ నత్తరు వలీ శిష్యుడే మన పెనుగొండ బాబయ్య యని ప్రసిద్ధి. విజయనగర రాయలకు తళ్లికోట యుద్ధము తరువాత రాజధానియైన పెనుగొండలో నేటికిని హిందువులును ముసల్మానులును మ్రొక్కులు చెల్లించు బాబయ్య గురుపీఠము, మంగమ్మ దానము పొందిన దర్గాయే యన్నమాట. వలస వచ్చినవారు విడిచివచ్చిన సీమకును, వచ్చి నిలిచిన సీమకును నడుమ ఈ తీగ సాగియున్నదని వారిలో ఎందరెరుగుదురో!

కోవిల్పట్టికి తూర్పున కొద్ది దూరముననున్న ఎట్టయపురమున ఇంతకన్న ముఖ్యమైన సాక్ష్యము కలదు. ఎట్టప్ప నాయకుల ఆస్థానము రాజకంబళ కులమువారిది. ఇంటి భాష తెలుగు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో తనువు చాలించినదియు, సుబ్రహ్మణ్య భారతి 1882లో జన్మించినదియు ఈ యూరనే. వారికి చాల ముందు ఈ ఆస్థానమున విద్వాంసుడై వెలసినవాడు ఉమరుప్పులవరు. ఆయన కాలము 1642 నుండి 1703 వరకు అని చెప్పుదురు. ఆస్థాన కవియైన కడిగై ముత్తుప్పులవరు ఆయన గురువు. గురువు హిందువు, శిష్యుడు ముసల్మాను, పోషకుడు తెలుగు నాయకుడు, భాష తమిళము. ఈ నాలుగును కలిసి ప్రవక్త మహమ్మదు చరిత్రమైన ‘శీరాపురాణము’ను ఈయగల కవిని సిద్ధము చేసినవి. ఐదువేలకు పైబడిన పద్యములు గల ఈ గ్రంథమునకు కీళక్కరై వర్తకుడైన శీదక్కాది వళ్ళలు ప్రేరకుడు. ఆయన గతించిన పిమ్మట పరంగిపేట అబుల్ కాసిం మరక్కాయరు పూర్తికి తోడ్పడెను. ఉమరు సమాధి ఎట్టయపురముననే కలదు.

ఈ కావ్యము గ్రంథాలయమున నిద్రించినది కాదు. మనవారు రచ్చబండలపై భారత భాగవతములను పురాణకాలక్షేపముగా చెప్పించుకొన్నట్లే, తమిళ ముసల్మానులు దీనిని గుంపుగా కూర్చుండి చదివించుకొని అర్థము చెప్పించుకొనుచు వచ్చిరి. అరబ్బీ చదువు రాని స్త్రీలకును పామరులకును ప్రవక్త జీవితము తమ నేలలో జరిగినట్లు తోచినది. దానికి కవి చేసిన యుపాయము చిత్రమైనది. అరబ్బు దేశమును వర్ణించు ఘట్టమున ఆయన ఎడారిని వర్ణింపలేదు. మేఘములు కడలినీరు త్రావి కొండలనెక్కి కురియగా, వెల్లువ కొండ దిగి, అడవి దాటి, పొలములు నింపి, నాట్లకు నీరందించి సాగునట్లు వ్రాసెను. తమిళ కావ్యమర్యాద యదియేనని పండితులు చెప్పుదురు, అది నిజమే. కాని చుక్క నీటికి మొగము వాచిన కరిసల్ నేలలో కూర్చుండి మక్కాకు వెల్లువను తెచ్చిన కవి మనస్సున మర్యాద మాత్రమే యున్నదా అను సందేహము ఈ సీమవాసికి కలుగక మానదు.

వాన ప్రసక్తి వచ్చినది గనుక వాననమాజు సంగతి యిచటనే చెప్పుట తగును. దీనిని అరబ్బీలో ‘సలాతుల్ ఇస్తిస్కా’ అందురు. నీటిని అర్థించు ప్రార్థన. తమిళనాట వానలు తప్పిన యేడులలో, ఉదాహరణకు చెన్నపట్టణము నీటికి అల్లాడిన 2019లో, పలుచోట్ల దీనిని జరిపిరి. మసీదులో కాక బయట మైదానమున లేక ఈద్గాయందు చేయుదురు. కొత్త బట్టలు, అత్తరులు కూడవు. పాత బట్టలతో, తల వంచుకొని నడచిపోవలెను. ముసలివారిని, పసివారిని, మూగజీవములను వెంట తోడ్కొనిపోవుట మంచిదందురు. రెండు రకాతుల నమాజు, పిదప ఖుత్బా. అటుపిమ్మట ఇమాము తన ఉత్తరీయమును కుడియెడమలు మార్చి త్రిప్పి వేసికొనును. కాలము తిరుగవలెనని దాని భావము. అరచేతుల వెనుక ప్రక్కను ఆకసమునకు చూపి దుఆ చేయుదురు. ఇందులో శాస్త్రకారులకు అభిప్రాయభేదము లేకపోలేదు. ఇమాము అబూహనీఫా దుఆ చాలుననగా ఆయన శిష్యులిద్దరు నమాజు కూడ కావలెననిరి. ఈ సీమ రావుత్తర్లు హనఫీలు. సముద్రపుటొడ్డు మరక్కాయర్లు షాఫియీలు. ఐనను కరవు వచ్చినప్పుడు మైదానమున ఈ భేదము అడ్డురాదు.

ఇందలి ముఖ్యమైన యంశము నమాజుకు ముందున్నది. మైదానమునకు పోవుటకు మునుపు ప్రజలు తమ తప్పులకు పశ్చాత్తాపపడవలెను, అన్యాయముగా పట్టుకొన్న పరుల సొత్తును తిరిగి యీయవలెను, పగలు మానుకొని మాటలు కలుపుకొనవలెను, దానము చేయవలెను, మూడు దినములు ఉపవాసముండవలెను. షాఫియీ ధర్మగ్రంథములు వీనిని స్పష్టముగా విధించుచున్నవి. దీనివలన వాన కురియునా అని అడుగువారికి సమాధానము ఋతుపవనము చెప్పవలెను. కాని కరవు కాలమున ఊరిని ముందుగా చంపునది దప్పి కాదు, బావిగట్టు తగాదా, గింజల దాపరికము, అప్పుల పీడన. నీటికై చేయి చాపుటకు ముందు తగవు తీర్చుకొనుమను కట్టడి ఆ మూడింటికిని మందు. మన తెలుగునాట వాన రాకున్న విరాటపర్వము పారాయణ చేయించుట ఆచారము. చదువునది ఒకరు, వినునది ఊరంతయు. విన్న కొన్ని రాత్రులు ఊరు ఒకచోట కూడును. రెండింటి పనియు ఒకటియేనేమో!

ఇప్పుడు నిత్యమైన నమాజు. భాషాశాస్త్రపు సంగతి యొకటి మొదట మనవి చేయవలసియున్నది. తమిళ ముసల్మానులు నమాజును ‘తొళుగై’ అందురు. తొళు అనగా చేతులు మోడ్చుట. అచ్చ తమిళ ధాతువు. మసీదును ‘పళ్లివాసల్’ అందురు. పళ్లి యన్న మాటకు ఆ భాషలో బడి యనియు అర్థము కలదు. ఒకప్పుడు జైనుల నెలవునకును అదియే పేరు. ఉపవాసమును ‘నోన్బు’ అందురు. ఇది మన ‘నోము’తో ఏకమూలము, నోచుట, నోము, నోన్బు అన్నియు ఒక కుదుటి మొలకలే. శ్రావణమున నోము నోచు తెలుగు ఇల్లాలును, రంజానులో నోన్బు పట్టు తమిళ ముసల్మాను స్త్రీయు ఒక్క మాటనే పలుకుచున్నారు. పరాయి మతమని యెంచబడునది ఈ సీమలో ఎంత యింటిమాటతో నడచినదో దీనివలన తెలియును.

ఐదు వేళల నమాజు ఒంటిగా చేసినను చెల్లును. పంక్తిలో చేసిన పుణ్యము ఎన్నో రెట్లని వారి విశ్వాసము. శుక్రవారపు మధ్యాహ్నపు నమాజు మాత్రము ఒంటిగా చెల్లదు. షాఫియీ మతానుసారము కనీసము నలువదిమంది స్థానిక పురుషులు కూడిననే అది జుమా యగును. హనఫీలకు ఇమాముగాక మువ్వురు చాలును. నలువదిమందిని ప్రతి వారము ఒకచోటికి చేర్చవలసిన ఊరు, ఎవరు రాలేదు, ఏల రాలేదని లెక్క చూచుకొనక తప్పదు. జ్వరపడినవాడు, పొరుగూరు పోయినవాడు, అప్పుల బాధచే మొగము చూపలేనివాడు – అందరి సంగతియు ఆ లెక్కలో బయటపడును. పంక్తిలో భుజమునకు భుజము తగులవలెను. ముందు వచ్చినవాడు ముందు నిలుచును. దుకాణపు యజమాని ప్రక్కన బస్తాలు మోయు కూలి నిలుచును. విరుదునగరము పప్పుల, మిరపకాయల, నూనెల బేరమునకు పెట్టినది పేరు. అట్టి అంగడి ఊరిలో ఈ నిలుచుటకు అర్థమేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పంక్తికి వెలుపలి రూపము జమాతు. మసీదు చుట్టు నున్న మహల్లాలోని కుటుంబముల పట్టిక, పెండ్లి నమోదు, శ్మశానము, వక్ఫు ఆస్తి, విధవలకు బీదలకు జకాతు పంపకము, ఇంటి తగవులు – ఇవన్నియు జమాతు చూచును. పరంగిపేటలో 2004 డిసెంబరు 26న సముద్రము పొంగి పల్లెలను ముంచినప్పుడు అచటి జమాతు హిందువులైన జాలరులను చేరదీసి అన్నము పెట్టి, శవములకు సంస్కారము జరిపినది. శీరాపురాణమునకు తోడ్పడిన అబుల్ కాసిం ఊరే యది. ముందుగా పంక్తి కట్టుట నేర్చిన ఊరు కావుననే ఆ గడియ పని పంచుకొనుటకు ఎవరి యానతియు కాచుకొనలేదు.

అన్నము మాట వచ్చినప్పుడు విరుదునగరము సొంత చరిత్ర స్మరింపవలసియున్నది. అప్పటికి విరుదుపట్టి యను పేరు గల ఆ యూర నాడారు వర్తకులు సరకుపై ‘మహిమై’ యను పన్ను తమకు తామే విధించుకొని ధర్మకార్యములు నడిపిరి. ఇంటింట వండుటకు ముందు పిడికెడు బియ్యము ప్రక్కకు తీసియుంచి, ఆ ‘పిడి అరిసి’తో బడి నడిపించిరి. కామరాజ్ చదివిన క్షత్రియ విద్యాశాల ఆ పిడికెళ్ళ వలన నిలిచినదే. కులము కులము, మతము మతము వేరువేరుగా కట్టుకొన్న కట్టుబాట్లే యైనను, వానిలోని గింజ ఒక్కటే.

మసీదులలో ఆ గింజ నోన్బు గంజిగా ఉడుకును. రంజాను నెలలో జుహర్ నమాజు కాగానే పెరటిలో పొయ్యి వెలుగును. పెద్ద అండాలో బియ్యము, పెసరపప్పు, మెంతులు, అల్లము, వెల్లుల్లి, ఉల్లి, పుదీన, కొత్తిమీర; దించుటకు ముందు కొబ్బరిపాలు; కొన్ని దినములు మాంసము. అడుగంటకుండ నిలువెత్తు తెడ్డుతో గంటల కొలది కలుపుచునే యుండవలెను. అది యువకుల వంతు. అసర్ నమాజు తరువాత పంపకము. తూక్కుచట్టులు పట్టుకొని పిల్లలు వరుసగా నిలుతురు. వారి మతమేదని అడుగు వాడుక లేదు. గిన్నె తెచ్చినవానికి గరిటెడు. మగ్రిబ్ అజాను వినబడగానే లోపల నోన్బు పట్టినవారు ఖర్జూరముతో, ఈ గంజితో ఉపవాసము విడుతురు. అదే సమయమునకు ప్రక్కవీధి హిందువు ఇంటిలోను అదే గంజి త్రాగుచుందురు. పగలంతయు నీరు ముట్టని శరీరమునకు నీరు, ఉప్పు, తేలికైన అన్నము ఒక్కసారి అందును. బీదయింటి బాలింతకు, ముసలికి నెలదినముల పోషణ. 2001 నుండి తమిళనాడు ప్రభుత్వము ఈ గంజికి బియ్యమిచ్చుచున్నది. దానివలన బియ్యము సమకూరినది. కలుపు చేతులు మాత్రము మహల్లావే.

మసీదు వాకిటికి మరల వత్తము. ఓతి ఊదుటవలన బిడ్డకు మేలగునా యను ప్రశ్నను పరిహాసముతో దాటవేయుట తగదు. గ్రుడ్డిగా నమ్ముటయు తగదు. తల్లి భయము తగ్గినచో బిడ్డ నిద్రించునను మాట అనుభవజ్ఞులెరుగుదురు. తమిళనాటి ముత్తుస్వామి గుడియొకదానిలో ఉండి కోలుకొను మనోరోగులు 31 మందిని మానసిక వైద్యులు పరీక్షించి, తమ పరిశీలనను 2002లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించిరి. సగటున ఆరువారములు అచట నున్నవారి రోగలక్షణములు దాదాపు నూటికి ఇరువది వంతులు తగ్గినవట. మందు లేదు, మంత్రము సైతము ప్రత్యేకముగా లేదు. తరుమకుండ ఉండనిచ్చిన చోటు, చేయుటకు చిన్న పని, తోడుగా ఇంటివారొకరు. నెల్లూరి బారాషహీదు దర్గాలో స్వర్ణాల చెరువునీట నిలిచి రొట్టెలు మార్చుకొను మన తెలుగువారికి ఈ ఓదార్పు స్వభావము కొత్త కాదు.

ఇదియే యిచట ముగిసియున్న ఎంత బాగుండెడిది! కాని విరుదునగరమునకు తూర్పున, రామనాథపురము జిల్లాలో ఏర్వాడి కలదు. అచటి సయ్యదు ఇబ్రాహీము షహీదు దర్గాకు మతభేదము లేక మనోరోగులను తీసికొనివత్తురు. దర్గా నీడను చూపి, రుసుము పుచ్చుకొని రోగులను ఉంచుకొను గృహములు చుట్టును వెలసినవి. వారిని గొలుసులతో కట్టివేయుట వాడుకయైనది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అట్టి గృహమొకదానికి నిప్పంటుకొనగా గొలుసులు విడిపించుకొనలేక 28 మంది మరణించిరి. సుప్రీము కోర్టు తానై విచారణకు గైకొన్నది; ప్రభుత్వము ఆ గృహములను మూయించినది. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసుతో బంధింపరాదని శాసించినది. ఏర్వాడిలో ‘దవా–దుఆ’ పద్ధతియు నెలకొన్నది. ప్రార్థించువాడు ప్రార్థింపవచ్చును, ప్రక్కనే వైద్యుడు మందు నిచ్చును.

ఏర్వాడి మంటలకు నమాజు కారణము కాదు. నమాజులో పంక్తి కలదు. ప్రక్కవాని భుజము తగులవలెను. గొలుసు వేసిన రోగి ప్రక్కన ఎవరును నిలువలేదు. ఇంటివారు వదలిపోయిరి, జమాతు లెక్కలో అతడు లేడు, మ్రొక్కు మాత్రము మిగిలినది. గుడిలో 31 మందిలో మెరుగు కనబడినదియు, గొలుసులలో 28 మంది కాలిపోయినదియు ఒక్క రాష్ట్రముననే, ఒక్క విధమైన నమ్మికతోనే. తోడుండుటయు తోడులేకుండుటయు మాత్రమే భేదము.

ఇంకొక కొరత కూడ చెప్పక తప్పదు. జమాతు తగవులు తీర్చునప్పుడు తీర్పరులందరు పురుషులే. తలాకు విషయమున, మనోవర్తి విషయమున స్త్రీ తన మాట తాను చెప్పుకొనుటకు కూడ చోటులేని సందర్భములు కలవని ఫిర్యాదు. పుదుక్కోటలో షరీఫా ఖానము ఈ శతాబ్ది తొలి యేండ్లలో స్త్రీలకే వేరు జమాతు నెలకొల్పి, స్త్రీలకు మసీదు కావలెనని అడిగి, తీవ్రమైన నిందకు గురియైనది. పంక్తి యెంత పొడవుగా సాగినను అందులో సగము ఊరు లేదని ఆమె వాదము. దానికి సరియైన సమాధానము ఇంకను వచ్చినట్లు లేదు.

2020 మార్చిలో మహమ్మారి వలన పంక్తి యనునదే నిలిచిపోయినది. అజాను వినబడెను, కాని నమాజు ఇంటనే చేసికొనుడని పిలుపు. ఢిల్లీలో జరిగిన మతసమావేశమునకు పోయి వచ్చినవారిలో వ్యాధి కనబడుటతో ఊరూర అనుమానము రేగినది. ఆ సమావేశమునకు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేయుచు బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము అదే సంవత్సరము ఆగస్టులో, వారిని బలిపశువులను చేసిరని వ్యాఖ్యానించెను. ఏప్రిల్ చివర రంజాను వచ్చినది. గంజి వండరాదు. ప్రభుత్వము 2,895 మసీదులకు 5,450 టన్నుల బియ్యము కేటాయించి, వండక బియ్యముగానే ఇండ్లకు చేర్పుమన్నది. బియ్యము ఇండ్లకు చేరినది. వరుస మాత్రము లేదు. తూక్కుచట్టి పట్టి నిలువవలసిన పిల్లలు ఆ నెల నిలువలేదు. మగ్రిబ్ వేళ వాకిట తల్లులు లేరు. సరిగా అనుమానము ఎక్కువైన నెలలోనే, దానిని ప్రతిదినము కొంచెము కొంచెముగ కరగించు ఆ రెండు వరుసలును ఆగిపోయినవి. ఊరికి వానివలన కలుగుచుండిన మేలు లేనప్పుడు కాని కొలతకు దొరకలేదు.

ఆ సెప్టెంబరున మసీదులు మరల తెరచిరి. మొదట ఎడమెడముగ నిలిచి, పిదప క్రమముగ దగ్గరై, భుజములు మరల తగిలినవి. 2021 మేలో కి. రాజనారాయణన్ కాలధర్మము నొందెను. ఆయన వ్రాసిన వలస కథను ఇడైసేవల్ చుట్టుప్రక్కల అవ్వలు నేటికిని చెప్పుచునేయున్నారు. తురక రాజు, కన్నె, వంగిన చెట్టు, అన్నియు యథాతథముగ. రంజాను నెలలో సాయంకాలమైనప్పుడు మాత్రము కథ సగములో ఆపి, మనుమని చేతికి గిన్నె యిచ్చి, అసర్ ఐపోయినది, గంజి తీసికొనిరా నాయనా, వరుసలో త్రోపులాడకుము, అని పంపుదురు.